ఒకటి ఒక్కసారే, రెండోది నిమిషానికి రెండు వేలు: ఈస్ట్ కణం లోపలి 90 నిమిషాలు

బన్ను చేద్దామనో పిజ్జా చేద్దామనో తెచ్చి సగం వాడి వదిలేసిన డ్రై ఈస్ట్ ప్యాకెట్ ఇంట్లో ఉంటే, ఒక చిటికెడు తీసి గోరువెచ్చని పంచదార నీళ్లలో వేయండి. పది నిమిషాలకు పైన నురగ కడుతుంది. ఈస్ట్ బతికే ఉందని నమ్మకం కుదిరాక మనం పిండి కలపడానికి వెళ్లిపోతాం. ఆ నురగ కింద ఒక్కో కణం రెండు పెద్ద పనులకు సిద్ధమవుతూ ఉంటుంది. తన డీఎన్ఏ మొత్తాన్ని కాపీ చేసుకోవాలి. ప్రొటీన్లు తయారుచేసే యంత్రాలైన తన రైబోజోముల సంఖ్యను రెట్టింపు చేసుకోవాలి. మంచి తిండి, 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే ఈ రెండూ గంటన్నరలో పూర్తయి, ఒక కణం రెండవుతుంది.

ఈ రెండు పనులూ ఎలా సాగుతాయో ఒక్కో అడుగూ చెబుతూ, వీలైన చోట కళ్లతో ఎలా చూడొచ్చో కూడా రాస్తున్నాను. డిగ్రీ, ఎమ్మెస్సీ విద్యార్థులకు, వాళ్లకు పాఠం చెప్పేవాళ్లకు పనికొస్తుంది. మొదటి అడుగుకు స్కూలు మైక్రోస్కోపు చాలు. మిగతా వాటికి షేకర్, సెంట్రిఫ్యూజ్ ఉన్న ల్యాబ్ కావాలి.

మన కథానాయకి శాకరోమైసిస్ సెరివిసియే. బేకరీ ఈస్ట్ ఇదే, తాటికల్లు పొంగించే ఈస్టుల్లోనూ ఇది ముఖ్యమైనది. ఇడ్లీ పిండి పొంగడం మాత్రం ప్రధానంగా బ్యాక్టీరియా పని, ఆ ఘనత ఈస్టుకు ఇవ్వకండి.

ముందు లెక్కలు రాసుకోండి

పాఠం మొదలెట్టే ముందు నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీయండి. ఎడమ గడిలో డీఎన్ఏ: 16 క్రోమోజోములు, దాదాపు కోటీ 20 లక్షల అక్షర జతలు, సుమారు 6 వేల జన్యువులు. కేంద్రకం ఉన్న జీవుల్లో మొట్టమొదట పూర్తి జన్యుక్రమం చదివింది దీనిదే, 1996లో. కుడి గడిలో రైబోజోములు: చురుగ్గా పెరిగే కణంలో సుమారు 2 లక్షలు.

ఇప్పుడు భాగించండి. 90 నిమిషాల్లో ఇంకో 2 లక్షలు కావాలంటే నిమిషానికి 2 వేలకు పైనే కట్టాలి. ఒక్కో రైబోజోములో 79 ప్రొటీన్లు. అంటే నిమిషానికి లక్షన్నరకు పైగా ప్రొటీన్లు బయట సైటోప్లాజంలో తయారై, కేంద్రకంలోకి వెళ్లి, అక్కడ ఆర్ఎన్ఏ మీద అమరి, మళ్లీ బయటికి రావాలి. కణంలో జరిగే ఆర్ఎన్ఏ తయారీలో దాదాపు 60 శాతం ఈ రైబోజోమ్ ఆర్ఎన్ఏ కోసమే.

ఎడమ గడికి రండి. అక్కడ వేగం కంటే పట్టింపు ఎక్కువ. కోటీ 20 లక్షల జతల్లో ఏదీ వదలకూడదు, ఏదీ రెండుసార్లు కాపీ కాకూడదు. నా దృష్టిలో ఈ పాఠమంతా ఈ తేడాలోనే ఉంది. కచ్చితంగా ఒక్కసారే చేయాల్సిన పని ఒకటి, ఎంత చేస్తే అంత మంచిదనే పని ఇంకొకటి. రెండూ ఒకే కేంద్రకంలో, కొన్నిచోట్ల ఒకే డీఎన్ఏ దారం మీద జరుగుతాయి. పుస్తకాల్లో వీటిని వేరువేరు అధ్యాయాల్లో పెట్టడం వల్ల ఈ సంగతి మరుగున పడిపోతుంది.

1వ అడుగు: మొగ్గలు లెక్కపెట్టండి

ఈస్ట్ నడుముకు రెండుగా చీలదు, పక్కన మొగ్గ వేస్తుంది. మనకు అదే వరం. మొగ్గ పొడుచుకురావడం, డీఎన్ఏ కాపీ మొదలవడం ఇంచుమించు ఒకే సమయంలో జరుగుతాయి. కాబట్టి మొగ్గ లేని కణం జీ1 దశలో ఉన్నట్టు, అంటే కాపీ ఇంకా మొదలవనట్టు. చిన్న మొగ్గ ఉంటే ఎస్ దశ, కాపీ నడుస్తోంది. మొగ్గ తల్లి సైజుకు దగ్గరపడితే కాపీ పూర్తయి, పంపకాలకు సిద్ధమవుతోంది.

నురగ కట్టిన ద్రవాన్ని ఒక గంటన్నర, రెండు గంటలు అలాగే ఉంచి, ఒక చుక్కను పలుచన చేసి స్లైడ్ మీద వేసి, కవర్‌స్లిప్ పెట్టి 400 రెట్లలో చూడండి. కణం దాదాపు 5 మైక్రాన్లు ఉంటుంది. 200 కణాలు లెక్కపెట్టి మూడు రకాలుగా విడదీయండి. మిథిలీన్ బ్లూ ఒక చుక్క కలిపితే చచ్చిన కణాలు నీలంగా మారతాయి, వాటిని లెక్కలోంచి తీసేయండి. రెండు కణాలు అతుక్కుని ఉన్నాయా, లేక పెద్ద మొగ్గా అని మొదట్లో తికమక పడతారు. స్లైడును వేలితో మెల్లగా తట్టి చూడండి, విడిపోతే అవి రెండు కణాలు.

లక్షలు పోసి కొన్న మెషీన్ చెప్పేదాన్ని ఈ లెక్క చాలావరకు చెప్పేస్తుంది. లీలాండ్ హార్ట్‌వెల్ 1970ల్లో కణచక్రం ఆగిపోయే ఈస్ట్ రకాలను ఏరింది మొగ్గల ఆకారం చూసే. ఆ పనికి 2001లో నోబెల్‌లో వాటా వచ్చింది.

2వ అడుగు: అన్నిటినీ ఒకే గీత మీద నిలబెట్టండి

మామూలు కల్చర్‌లో ఒక్కో కణం ఒక్కో దశలో ఉంటుంది. క్రమం తెలియాలంటే అన్నీ ఒకేసారి బయలుదేరాలి. ఈస్టులో 'ఎ', 'ఆల్ఫా' అని రెండు జత రకాలున్నాయి. ఆల్ఫా రకం విడుదల చేసే 13 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, అంటే ఆల్ఫా ఫ్యాక్టర్, తగిలితే 'ఎ' రకం కణాలు జీ1లో ఆగిపోయి పెళ్లికి సిద్ధమవుతాయి. ఒక వైపు ముక్కులా సాగిన ఆ ఆకారాన్ని 'ష్మూ' అంటారు.

చేసే విధానం ఇది. 1 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 శాతం పెప్టోన్, 2 శాతం గ్లూకోజ్ కలిపిన వైపీడీ ద్రవంలో కణాలను 30 డిగ్రీల దగ్గర షేకర్ మీద పెంచండి. ఫ్లాస్కులో ఐదో వంతుకు మించి నింపొద్దు, గాలి ఆడాలి. ఓడీ (కణాల వల్ల ద్రవం ఎంత మసకబారిందో చెప్పే కొలత) 0.2–0.3 దగ్గర ఉన్నప్పుడు ఆల్ఫా ఫ్యాక్టర్ కలపండి. దాన్ని తినేసే ఎంజైము జన్యువు బార్1 తీసేసిన రకమైతే మిల్లీలీటరుకు 50–100 నానోగ్రాములు సరిపోతుంది. మామూలు రకానికి దాని కన్నా చాలా ఎక్కువ, మైక్రోగ్రాముల్లో పోయాలి, జేబుకు చిల్లు పడుతుంది. రెండు గంటలయ్యాక నూటికి 90కి పైగా కణాలు మొగ్గ లేకుండా ఉన్నాయో లేదో మైక్రోస్కోపులో చూసుకునే ముందుకు వెళ్లండి.

నేను మొదటిసారి చేసినప్పుడు మూడు గంటలు కూర్చున్నా ఒక్క ష్మూ కూడా రాలేదు. పెప్టైడ్ పాడైందనుకున్నాను, పెంచి పోశాను, టెన్షన్‌తో మధ్యాహ్నం భోజనం కూడా మానేశాను. సాయంత్రం ఫ్రీజర్‌లో ట్యూబు మళ్లీ తీసి చూస్తే దాని మీద రాత సగం చెరిగిపోయి ఉంది. నేను పెంచింది ఆల్ఫా రకం కణాలను! తాము విడుదల చేసే పెప్టైడ్‌కి అవే ఎందుకు స్పందిస్తాయి? అందుకే ముందు రోజే కొద్దిగా కల్చర్ మీద పరీక్షించుకోండి.

ఆగిన కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి, రెండుసార్లు కడిగి, తాజా వైపీడీలో వేస్తే అందరూ ఒకేసారి బయలుదేరతారు. అప్పటి నుంచి ప్రతి 10 నిమిషాలకు ఒక మిల్లీలీటరు తీసి 70 శాతం ఇథనాల్‌లో వేసి పెట్టండి. సగం మొగ్గల లెక్కకు, సగం డీఎన్ఏ కొలతకు. ఫ్లో సైటోమీటర్ దొరికితే ఆర్ఎన్ఏను ఎంజైముతో తీసేసి, డీఎన్ఏకు రంగు వేసి పంపండి. గ్రాఫులో డీఎన్ఏ ఒక వంతు దగ్గర ఉన్న కణాల గుట్ట 20 నుంచి 40 నిమిషాల మధ్య మెల్లగా జరిగి రెండు వంతుల దగ్గర కుదురుకుంటుంది.

3వ అడుగు: స్లిప్పులు పంచే రోజు వేరు, ఓటేసే రోజు వేరు

ఇక లోపలికి వెళ్దాం. 4వ క్రోమోజోమ్ పొడవు 15 లక్షల జతలు. కాపీ చేసే యంత్రం నిమిషానికి సుమారు 2 వేల జతలు నడుస్తుంది. మధ్యలో ఒకే చోట మొదలై రెండు వైపులా వెళ్తే ఆరు గంటలు దాటుతుంది. కణానికి ఉన్నది అరగంట. అందుకే క్రోమోజోముల పొడవునా మొదలుపెట్టే చోట్లు, అంటే ఆరిజిన్లు, మొత్తం 400 దాకా ఉన్నాయి. కానీ చోట్లు ఎక్కువయ్యే కొద్దీ, వాటిలో ఏదో ఒకటి రెండోసారి కూడా మొదలైపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

కణం ఈ చిక్కును ఎలా విప్పుకుందో మన ఎన్నికలతో పోల్చి చెప్పొచ్చు. ఓటరు స్లిప్పులు ముందే పంచుతారు. పోలింగ్ మొదలయ్యాక పంపకం బంద్. ఓటేస్తే స్లిప్పు చెల్లిపోయినట్టే.

జీ1లో స్లిప్పులు పంచుతారు. ప్రతి ఆరిజిన్ మీద ఆరు ప్రొటీన్ల ముఠా ఓఆర్‌సీ కూర్చుని ఉంటుంది. దీన్ని 1992లో స్టీఫెన్ బెల్, బ్రూస్ స్టిల్‌మన్ కనుక్కున్నారు. దాని దగ్గరికి సీడీసీ6, సీడీటీ1 అనే ప్రొటీన్లు వచ్చి, ఎంసీఎం అనే ఉంగరాలను రెండు, ముఖాముఖిగా, డీఎన్ఏ చుట్టూ తొడుగుతాయి. ఆ ఉంగరాల జంటే స్లిప్పు. ఈ దశలో అవి కదలవు, డీఎన్ఏ పోగులను విప్పవు. చేతికి వేసిన గాజుల్లా ఊరికే ఉంటాయి.

ఎస్ దశ పోలింగ్ రోజు. రెండు కైనేజులు (ఫాస్ఫేట్ గుర్తులు వేసే ఎంజైములు), డీడీకే, సీడీకే, రంగంలోకి దిగుతాయి. మొదటిది ఎంసీఎం మీద ఫాస్ఫేట్ గుర్తులు వేస్తుంది. రెండోది ఎస్ఎల్‌డీ2, ఎస్ఎల్‌డీ3 అనే ప్రొటీన్ల మీద వేస్తుంది. వాటి సాయంతో సీడీసీ45, గిన్స్ అనే భాగాలు వచ్చి ఎంసీఎంతో కలుస్తాయి. అప్పుడు ఉంగరం బిగుసుకుని ఒక్క పోగు మీదకు మారి, రెండు పోగులనూ జిప్పులా విప్పుతూ పరుగెత్తుతుంది. జంటలో ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకదాన్నొకటి దాటుకుంటూ.

అదే సీడీకే స్లిప్పుల పంపకాన్నీ ఆపేస్తుంది. సీడీసీ6ను నాశనానికి గుర్తు పెడుతుంది, ఓఆర్‌సీ చేతులు కట్టేస్తుంది, మిగిలిన ఎంసీఎంను కేంద్రకం బయటికి గెంటేస్తుంది. పని మొదలుపెట్టించే చేయే మళ్లీ మొదలవకుండా అడ్డుకుంటోందన్నమాట. విద్యార్థి ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా పేర్లన్నీ వాటంతటవే గుర్తుంటాయి. 2015లో జాన్ డిఫ్లీ ల్యాబ్ ఈ ప్రొటీన్లను విడివిడిగా శుద్ధి చేసి, ట్యూబులో కలిపి, కణం లేకుండానే ఈ మొదలును రప్పించింది.

4వ అడుగు: ఒక పోగు సాఫీగా, రెండోది ముక్కలుగా

విప్పిన పోగుల్లో ఒకదాన్ని పాలిమరేజ్ ఎప్సిలాన్ అనే కాపీ ఎంజైము ఆగకుండా కాపీ చేస్తూ పోతుంది. రెండో పోగు దిక్కు వ్యతిరేకం కాబట్టి, పాలిమరేజ్ ఆల్ఫా చిన్న మొదలు వేసి ఇస్తే పాలిమరేజ్ డెల్టా దాన్ని ముక్కలు ముక్కలుగా పొడిగిస్తుంది. ఇవే ఒకజాకీ ముక్కలు. ఈస్టులో ఒక్కో ముక్క దాదాపు 165 అక్షరాలు. డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ఉండ, న్యూక్లియోజోమ్, ఇంచుమించు అంతే దూరానికి ఒకటి ఉంటుంది. వెనకాలే కొత్తగా అమరిన ఉండ తగలగానే డెల్టా ఆగిపోతుంది, అందుకే ఆ కొలత. కోటీ 20 లక్షలను 165తో భాగించండి: ఒక్క ఎస్ దశలో 70 వేలకు పైగా ముక్కలు తయారై, మొదళ్లు కత్తిరించుకుని, లైగేజ్‌తో అతుక్కోవాలి.

దీన్ని మధ్యలో ఆపి చూడాలంటే కల్చర్‌లో హైడ్రాక్సీయూరియా 200 మిల్లీమోలార్ కలపండి. డీఎన్ఏ అక్షరాల సరఫరా పడిపోయి, కణాలు చిన్న మొగ్గలతో ఆగిపోతాయి. సికిల్ సెల్ రోగులకు ఇచ్చే మందు ఇదే. మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలో పుట్టిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందులు పట్టుకునేదీ ఇదే పీకను. అవి డీఎన్ఏకు కావాల్సిన థైమిన్ అక్షరం తయారవకుండా చేస్తాయి.

5వ అడుగు: ఇప్పుడు కుడి గడి, 12వ క్రోమోజోమ్

రైబోజోమ్ ఆర్ఎన్ఏ జన్యువులన్నీ 12వ క్రోమోజోమ్ మీద ఒకే వరుసలో ఉంటాయి. 9,100 జతల పాఠం, దాదాపు 150 సార్లు, ఒకదాని వెనక ఒకటి. కలిపితే 13 లక్షల జతలు దాటుతుంది (మొదట చెప్పిన కోటీ 20 లక్షల్లో ఈ రిపీట్లన్నీ లేవు). ఈ ప్రాంతమే కేంద్రకంలో ఒక పక్కన నెలవంకలా కనిపించే కేంద్రకాంశం, అదే న్యూక్లియోలస్. ఏ సమయంలోనైనా ఈ రిపీట్లలో సుమారు సగమే పనిచేస్తుంటాయి.

పనిచేసే జన్యువు మీద ఆర్ఎన్ఏ రాసే ఎంజైములు, పాలిమరేజ్ 1లు, పదుల సంఖ్యలో బారులు తీరి వెళ్తుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే కాండం మీద రానురానూ పొడవయ్యే కొమ్మల్లా ఆర్ఎన్ఏ పోగులు. ఈ 'క్రిస్మస్ చెట్టు' బొమ్మను 1969లో ఆస్కర్ మిల్లర్, బార్బరా బీటీ న్యూట్ అనే ఉభయచరం అండకణాల్లో మొదట చూపించారు. ఈస్టులోనూ అదే దృశ్యం, కొమ్మల చివర చిన్న ముడులతో. ఆ ముడుల దగ్గర అప్పటికే నిర్మాణం మొదలైపోయింది.

6వ అడుగు: సెంట్రింగ్ కొట్టి, స్లాబ్ పోసి, సెంట్రింగ్ ఊడదీయడం

పాలిమరేజ్ 1 రాసేది 35ఎస్ అనే దాదాపు 7 వేల అక్షరాల ఒకే పొడవాటి ఆర్ఎన్ఏ (ఎస్ అంటే సెంట్రిఫ్యూజ్‌లో ఎంత వేగంగా దిగుతుందో చెప్పే కొలత). అందులో మూడు పనికొచ్చే భాగాలు: 18ఎస్ (1,800 అక్షరాలు), 5.8ఎస్ (158), 25ఎస్ (3,396). కూడితే 5,354. మిగతా ఐదో వంతుకు పైగా కోసి పారేయాల్సిందే. నాలుగోది, 5ఎస్, పక్కనే ఉన్న వేరే జన్యువు నుంచి పాలిమరేజ్ 3 చేతుల మీదుగా వస్తుంది.

ఈ నిర్మాణానికి 200కి పైగా సహాయక ప్రొటీన్లు కావాలి. పూర్తయిన రైబోజోములో వాటిలో ఒక్కటీ ఉండదు. ఇల్లు కట్టడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సరుగుడు బాదులు నిలబెట్టి, సెంట్రింగ్ కొట్టి, స్లాబ్ పోసి, ఆరాక అన్నీ ఊడదీస్తారు. ఊడదీయడానికీ ఒక వరుస ఉంటుంది, తప్పితే స్లాబ్ దిగిపోతుంది.

ముందుగా యూ3 అనే చిన్న ఆర్ఎన్ఏ, దానితో వచ్చే ప్రొటీన్ల గుంపు 18ఎస్ వైపు కొసను పట్టుకుంటాయి. కొమ్మ చివర కనిపించిన ముడి ఇదే. మరో పక్క సుమారు 75 చిన్న ఆర్ఎన్ఏలు ఏ అక్షరం మీద మిథైల్ గుర్తు పెట్టాలో, ఏ యూరిడిన్‌ను తిప్పి సూడోయూరిడిన్ చేయాలో ఎంజైములకు వేలు పెట్టి చూపిస్తాయి. తర్వాత ఏ2 అనే చోట కోత. ఇక్కడితో రైబోజోములోని చిన్న భాగం (18ఎస్ ఉన్నది), పెద్ద భాగం (మిగతా మూడూ ఉన్నది) దారులు విడిపోతాయి.

చిన్న భాగం త్వరగా బయటికి వెళ్లిపోతుంది. దాని ఆర్ఎన్ఏ అప్పటికి ఇంకా 20ఎస్. చివరి కోత సైటోప్లాజంలో నాబ్1 వేశాకే అది 18ఎస్ అవుతుంది. ఆ కోతకు ముందు ఒక ట్రయల్ కూడా ఉంటుంది: మెసెంజర్ ఆర్ఎన్ఏ లేకుండానే పెద్ద భాగంతో ఉత్తుత్తి జోడీ కట్టి, సరిగ్గా అతుకుతోందో లేదో చూసుకుంటుంది. పెద్ద భాగానికి ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది. దాని మీది సెంట్రింగ్ పీకడానికి ఆర్ఈఏ1 లాంటి పెద్ద మోటారు ప్రొటీన్లు కణం ఇంధనమైన ఏటీపీ ఖర్చు చేసి లాగుతాయి. బయటికి వచ్చాక కూడా టిఫ్6 అనే ఒక చెక్క మిగిలి ఉంటుంది. అది ఉన్నంతసేపు చిన్న భాగం వచ్చి అతుక్కోలేదు. దాన్ని ఊడదీసే రెండు ప్రొటీన్లలో ఒకదాని మానవ రూపం, ఎస్‌బీడీఎస్, దెబ్బతింటే పిల్లల్లో ఎముక మజ్జ, క్లోమం దెబ్బతినే ష్వాక్‌మన్–డైమండ్ వ్యాధి వస్తుంది.

7వ అడుగు: రైబోజోములను జెల్ మీద చూడండి

తేలికైన దారి ఆర్ఎన్ఏ జెల్. 10 మిల్లీలీటర్ల కల్చర్ నుంచి 65 డిగ్రీల వేడి ఆసిడ్ ఫినాల్‌తో ఆర్ఎన్ఏ తీయండి. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు. ఫార్మమైడ్ డైలో కాసేపు వేడి చేసి, 1 శాతం అగరోజ్ మీద నడిపితే రెండు బ్యాండ్లు మెరుస్తాయి. పైన 25ఎస్, కింద 18ఎస్. పైది దాదాపు రెట్టింపు వెలుగుతో ఉంటే ఆర్ఎన్ఏ బాగున్నట్టు. రెండూ మాసిపోయి కింద పొగలా పరుచుకుంటే చేతుల మీది ఆర్ఎన్ఏజ్ తినేసినట్టు. కణంలోని మొత్తం ఆర్ఎన్ఏలో అత్యధిక భాగం ఈ రెండు గీతల్లోనే ఉంది. మెసెంజర్ ఆర్ఎన్ఏ ఎక్కడా అని వెతక్కండి, అది వెనకాల కనీకనపడని మసక.

అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అందుబాటులో ఉంటే ఇంకా మంచి బొమ్మ చూడొచ్చు. కణాలను సైక్లోహెక్సిమైడ్‌తో ఆపి, మంచులో గాజు పూసలతో పగలగొట్టి, 10 నుంచి 50 శాతం సుక్రోజ్ గ్రేడియంట్ మీద వేసి తిప్పితే 40ఎస్ (చిన్న భాగం), 60ఎస్ (పెద్ద భాగం), 80ఎస్ (రెండూ కలిసిన రైబోజోమ్), ఆ తర్వాత పాలిసోముల (ఒకే మెసెంజర్ మీద ఎక్కిన రైబోజోముల గుంపులు) వరుస శిఖరాలుగా వస్తాయి. 60ఎస్ కొరత ఉంటే ప్రతి పాలిసోమ్ శిఖరం పక్కన చిన్న భుజంలా 'హాఫ్‌మర్' కనిపిస్తుంది: చిన్న భాగం మెసెంజర్ ఎక్కి, జోడీ కోసం ఎదురుచూస్తోందన్నమాట.

8వ అడుగు: రెండు గళ్ల మధ్య గీత చెరపండి

12వ క్రోమోజోమ్ మీద ఒక ట్రాఫిక్ సమస్య ఉంది. అదే దారం మీద పాలిమరేజ్ 1 ఒక దిక్కున బారులు తీరి వస్తుంటే, డీఎన్ఏ కాపీ యంత్రం ఎదురుగా రావచ్చు. అందుకే ప్రతి 35ఎస్ జన్యువు చివర ఫాబ్1 అనే ప్రొటీన్ అడ్డుకట్ట వేసి కూర్చుంటుంది. ఎదురొచ్చే కాపీ యంత్రాన్ని ఆపేస్తుంది, అదే దిక్కున వచ్చేదాన్ని పోనిస్తుంది. వన్‌వే బోర్డు లాంటిది. దీనికి మూల్యం కూడా ఉంది. ఆగిన చోట డీఎన్ఏ అప్పుడప్పుడూ తెగి, రిపీట్లు వలయాలుగా ఊడి వస్తాయి. ఆ వలయాలు ముసలి తల్లి కణాల్లో పేరుకుంటాయని 1997లో సింక్లెయిర్, గ్వారెంటే చూపించారు.

ఇంకో ముడి 2002లో బయటపడింది. స్టిల్‌మన్ ల్యాబ్‌లో ఓఆర్‌సీని పట్టుకుని లాగితే వైపీహెచ్1 అనే ప్రొటీన్ తోడొచ్చింది. అది 60ఎస్ నిర్మాణంలో సెంట్రింగ్ పనిచేసే ప్రొటీనే, ఇంకో పేరు నాప్7. అదే సంవత్సరం నాక్3 కూడా రెండు చోట్లా కనిపించింది. ఎడమ గడి ఉద్యోగులు కుడి గడిలో కూడా హాజరు వేయించుకుంటున్నారు.

ఈ ముడిని మీరే చూడటానికి చివరి ప్రయోగం. మొదట్లో నేర్చుకున్న మొగ్గల లెక్క చాలు. చురుగ్గా పెరిగే కల్చర్‌ను రెండు ఫ్లాస్కులుగా విడదీయండి. ఒకదానిలో రాపామైసిన్ మిల్లీలీటరుకు 200 నానోగ్రాములు, రెండోదానిలో అది కరిగించిన ద్రావణి మాత్రమే, అంతే కొలతలో. ఈస్టర్ ద్వీపం మట్టిలోని బ్యాక్టీరియా నుంచి వచ్చిన ఈ మందు టార్ అనే కైనేజును ఆపుతుంది, టార్ ఆగితే రైబోజోముల తయారీ పడిపోతుంది. డీఎన్ఏ కాపీ యంత్రాన్ని ఈ మందు నేరుగా ముట్టుకోదు. అయినా ప్రతి అరగంటకు 200 కణాలు లెక్కపెడుతూ పోతే, మందు ఉన్న ఫ్లాస్కులో మొగ్గ లేని కణాల గడి పెరుగుతూ పోతుంది. నాలుగైదు గంటలకు ఎక్కువ భాగం జీ1లోనే నిలిచిపోతాయి. పక్క ఫ్లాస్కులో మూడు రకాలూ మామూలుగానే ఉంటాయి. రాపామైసిన్ ఖరీదనుకుంటే కణాలను కడిగి నైట్రోజన్ లేని మీడియంలో వేసినా కణాలు జీ1లోనే చేరతాయి, కాకపోతే అప్పుడు ఆగినవి రైబోజోములు ఒక్కటే కాదు కాబట్టి నోట్‌బుక్‌లో ఆ మాట కూడా రాయండి. లెక్క అయ్యాక రెండు ఫ్లాస్కులనూ ఆటోక్లేవ్ చేయాలి, సింకులో పారబోయొద్దు.